దీప్తికి టికెట్టు అక్కర్లేదు

నవంబర్ 13, బుధవారం

పార్కు ప్రయాణం ఖాయమైంది. డాక్టరు నరసింహం గారు లిఖిత నాలుక చూసి, పొట్ట నొక్కి, "ఇంక భయం లేదమ్మా, డిసెంబర్లో ఎక్కడికి తిప్పుకొచ్చినా పర్లేదు" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటున్నట్టు నటించాను.

ఆగస్టులో డెంగీ వచ్చి, ప్లేట్‌లెట్లు పడిపోయి, పిల్ల గుంటూరులో ఐసీయూ మంచం మీద ఉన్నప్పుడు దాని చెవిలో చెప్పాను: "లేవమ్మా, లేస్తే హైదరాబాదులో ఆ పెద్ద పార్కుకి తీసుకెళ్తాను." దేవుడికి మొక్కలేదు, పిల్లకే మొక్కాను. లేచింది. ఇప్పుడు మాట తప్పితే నాకే భయం.

ఈయన మాత్రం "పక్కన సూర్యలంక బీచ్ పెట్టుకుని హైదరాబాదు దాకా ఎందుకే?" అన్నారు. రోజూ తెనాలి నుంచి రేపల్లె పాసింజరెక్కి ఎరువుల కొట్టుకి పోయొచ్చే మనిషి. ఆయనకి కిటికీ పక్కన సీటు దొరకడమే పెద్ద విహారం.

నవంబర్ 14, గురువారం

మా స్కూల్లో లెక్కలు చెప్పే ముబీనా వేసవిలో పిల్లల్ని తీసుకుని ఆ పార్కుకి వెళ్ళొచ్చింది. స్టాఫ్ రూములో నాకు క్లాసు పీకింది.

"ఆదివారం పొరపాటున కూడా వెళ్ళకండి మేడం, జనం తప్ప ఏమీ కనపడదు. మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. గేటు తీసే టైముకి అక్కడుండాలి. అందరూ గుమ్మం దగ్గర రైడ్ల మీద పడతారు, మీరు తిన్నగా చివరికి పోయి అక్కణ్ణుంచి వెనక్కి రండి. నీళ్ళు లేని రైడ్లన్నీ పొద్దున, నీళ్ళవి మధ్యాహ్నం. కాటన్ బట్టలతో నీళ్ళలోకి దిగనివ్వరు. పులిహోర, చపాతీలు కట్టుకెళ్ళకండి, గేటు దగ్గరే పెట్టించేస్తారు. పిల్ల చేతి మీద మీ ఫోన్ నంబరు మార్కరుతో రాయండి. మా చిన్నోడు తప్పిపోతే ఆ నంబరు చూసే ఫోన్ చేశారు."

బాగుంది. సాయంత్రం ఇదంతా ఇంట్లో చెబుతుంటే అత్తయ్య బియ్యం ఏరడం ఆపేసింది.

"ముగ్గురేనా వెళ్ళేది? ముగ్గురు కలిసి బయల్దేరకూడదు."

"మీరూ రండి, నలుగురమవుతాం."

"ఈ మోకాళ్ళతో రంగులరాట్నాలెక్కనా? సంబడం! ఓ రాయి వెంట పెట్టుకోండి. పేరు పెట్టి మనిషి కింద లెక్కేసుకోండి. మా అమ్మ కూడా అట్టాగే చేసేది."

ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేదాన్ని, నాకా ఈ మాటలు! నవ్వేశాను. అప్పుడు ఆవిడ, "ఆగస్టులో గుంటూరు కారెక్కింది మీరు ముగ్గురేగా" అంది. నవ్వు ఆగిపోయింది. రాయేగా, పోనీ. బస్తాలు మొయ్యమనడం లేదుగా.

నవంబర్ 17, ఆదివారం

కార్తీక వనభోజనాలని స్కూలు వాళ్ళు బస్సు వేసి సూర్యలంక తీసుకెళ్ళారు. అత్తయ్య మొన్ననే రేపల్లెలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళింది, పదిహేను రోజులు ఉండి వస్తుందట.

రాయి సమస్య తీరింది. ఈ నల్లరేగట్లో రాయి కావాలంటే రైలు పట్టాల దగ్గరకు పోవాల్సిందే అనుకుంటున్నాను. లిఖితకి బీచ్‌లోనే దొరికింది. కోడిగుడ్డంత ఉంది. నల్లగా, నున్నగా, అరిగిపోయి. అంత ఇసకలో ఒక్కటంటే ఒక్క రాయి ఎలా ఉందో మరి. దానికి దారం ముక్కొకటి అంటుకుని ఉంది, కాస్త పసుపు కూడా. ఎవరో ఏదో పూజకి వాడి ఉంటారు. పంపు కింద బాగా కడిగేశాను.

లిఖిత దానికి దీప్తి అని పేరు పెట్టింది. దీప్తే ఎందుకే అంటే, "మా క్లాసులో దీప్తి ఎవరూ లేరుగా, అందుకని" అంది. బస్సులో తన పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్ల అంత ఉత్సాహంగా ఉండి ఎన్నాళ్ళయిందో!

నవంబర్ 22, శుక్రవారం

జ్వరం లేదు. ఇవాళ అట్టు మొత్తం తింది. తినే ముందు ఓ ముక్క తుంచి దీప్తి ముందు పెట్టింది. రోజూ ఇదే వరస.

రైడ్లు ఎక్కాలంటే పిల్లలు ఓ ఎత్తుండాలట. లిఖితని గోడకి నిలబెట్టి గీత గీశాను, సరిపోతుంది. దీప్తికీ గియ్యమంది. నేల నుంచి రెండు వేళ్ళ ఎత్తులో గీశాను. "ఇది చిన్నది కాదమ్మా, వంగి కూర్చుంది అంతే" అంది లిఖిత. పిల్లల మాటలకి అర్థాలు వెతకడమంత తెలివితక్కువ పని లేదు.

నవంబర్ 26, మంగళవారం

ఆ రాయి ఎంత తుడిచినా తడిగానే ఉంటోంది. చల్లటి వస్తువు మీద గాల్లో ఆవిరి నీరై చేరడం మా పాఠంలోనే ఉంది. చలికాలం మొదలైంది కదా.

గూట్లో ఉన్న మిగతా వస్తువులు పొడిగానే ఉన్నాయి. రాయికి వేరే స్వభావం ఉండొచ్చు.

డిసెంబర్ 1, ఆదివారం

అత్తయ్య రేపల్లె నుంచి వచ్చింది. వచ్చీ రాగానే రభస.

లిఖిత ఒళ్ళో రాయి పెట్టుకుని పెరుగన్నం తింటోంది. ఓ ముద్ద తనకి, ఓ మెతుకు దానికి. అత్తయ్య గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎక్కడిదే ఆ రాయి?"

"సూర్యలంకలో దొరికింది నానమ్మా. దీని పేరు దీప్తి."

ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

"మతి ఉందా ఝాన్సీ నీకు? మీ మావయ్య పోయినప్పుడు చూశావుగా? పోయినవాళ్ళని ఓ రాయిలోకి పిలుస్తారు. పది రోజులు పేరు పెట్టి పిలిచి అన్నం పెడతారు. పదో రోజున నీళ్ళలో వదిలేసి వెనక్కి చూడకుండా వచ్చేస్తారు. అంతటితో దానికి పేరూ లేదు, ఆకలీ లేదు. మీరు మళ్ళీ పేరు పెట్టారు. అన్నం కూడా పెడుతున్నారా!"

"అది ఆ రాయేనని మీకెలా తెలుసు?"

"ఇసకలో రాయి ఎట్టా వచ్చిందో నువ్వే చెప్పు."

సరే, పారేద్దామని అడిగితే లిఖిత ఒకటే ఏడుపు. ఏడ్చి ఏడ్చి ఒళ్ళు వెచ్చబడింది. ఈ పిల్లకి మళ్ళీ జ్వరం వస్తే నేను తట్టుకోలేను. పట్టాల దగ్గర నుంచి ఈయన ఇంకో రాయి తెచ్చిస్తే విసిరికొట్టింది.

నానమ్మకి కనపడకుండా దాచుకోమని రాయి ఇచ్చేశాను. అరగంటలో ఒళ్ళు చల్లబడింది. అత్తయ్యతో మాత్రం కాలవలో పారేశానని చెప్పాను. పెద్దావిడ మనశ్శాంతి కోసం ఓ అబద్ధం, తప్పేముంది.

డిసెంబర్ 5, గురువారం

జ్వరం లేదు.

డిసెంబర్ 8, ఆదివారం

సర్దడం అయింది. నైలాన్ బట్టలు, తువ్వాళ్ళు, ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు, లిఖిత మందులు. రేపు పొద్దున రైలు, రాత్రికి లాడ్జి, ఎల్లుండి పార్కు. మంగళవారం ఉత్తరానికి వారశూల అని అడ్డుపడుతుందని, ప్రయాణం రేపేనని అత్తయ్యకి గట్టిగా చెప్పాను. వద్దంటే వినకుండా పులిహోర కలిపింది. రైల్లో తింటాం.

లిఖిత చేతి మీద మార్కరుతో నా నంబరు రాశాను. మార్కరు మూత పెట్టేలోపు తను లాక్కుని రాయి మీద కూడా రాసేసింది. "దీప్తి తప్పిపోతే ఎట్టా మరి?" అంది. నవ్వుకుని ఊరుకున్నాను. తడి రాయి మీద సిరా చక్కగా పట్టింది.

డిసెంబర్ 11, బుధవారం. తిరుగు రైల్లో

నిన్నటి సంగతి రాయాలి. రాస్తే అదెంత చిన్న విషయమో నాకే తెలుస్తుంది.

పొద్దున అంతా ముబీనా చెప్పినట్టే నడిచింది. గేటు తీసేసరికి ముందు వరసలో ఉన్నాం. తిన్నగా చివరికి పోయాం. లిఖిత రైలెక్కింది, పడవెక్కింది, పైనుంచి కిందికి జారేదాంట్లో గొంతు చించుకుని అరిచింది. ఈయన కళ్ళు గట్టిగా మూసుకుని "రామ రామ" అంటూ కూర్చుంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం. నా పిల్ల గాల్లో చేతులెత్తి నవ్వుతోంది. ఆ మంచం మీద గొట్టాలతో పడున్న పిల్లేనా అనిపించింది. నా మొక్కు తీరిందనుకున్నాను.

మధ్యాహ్నం అలల కొలను. లిఖిత జేబులో దీప్తితో సహా దిగింది. బట్టలు మార్చుకునేటప్పుడు చూస్తే జేబులో రాయి లేదు. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. పీడ పోయింది, అదీ నీళ్ళలోనే పోయింది, నా చేతికి మట్టి అంటకుండా. లిఖిత ఏడుపు మొహం పెడితే ఐస్‌క్రీం కొనిపెట్టాను.

పొద్దు వాలుతుంటే బయటికి నడుస్తున్నాం. ఫోన్ మోగింది.

"ఝాన్సీలక్ష్మి గారేనాండి? పార్కులో తప్పిపోయినవాళ్ళ కౌంటరు నుంచండి. మీతో వచ్చిన పెద్దావిడ ఇక్కడున్నారండి."

"పెద్దావిడ ఎవరు? మేం ముగ్గురమే వచ్చాం."

"పేరు దీప్తి అంటున్నారండి. ఈ నంబరు ఆవిడే చెప్పారు. ఒళ్ళంతా తడిసిపోయి వణుకుతున్నారు. ఆకలేస్తోందంటున్నారండి. నీళ్ళలో వదిలేసి వెళ్ళిపోయారంటున్నారు."

ఆ అమ్మాయి గొంతులో భయం లేదు, చిరాకు ఉంది. పెద్దవాళ్ళని పట్టించుకోని కోడలితో మాట్లాడినట్టు మాట్లాడింది. అక్కడ అందరూ తడిసినవాళ్ళే కాబట్టి ఎవరికీ వింతగా లేదేమో.

ఈయనకి చెప్పగానే కంగారుపడి ఇంటికి ఫోన్ చేశారు. అత్తయ్య తీసింది, టీవీలో సీరియల్ వస్తోంది. జరిగింది చెబితే టీవీ కట్టేసింది. తర్వాత, "ఝాన్సీ, కాలవలో పారేశానన్నావే" అంది. ఫోన్ స్పీకరులో ఉంది. "నలుగురు బయల్దేరితే నలుగురూ తిరిగి రావాలమ్మా. ఒకళ్ళని వదిలేస్తే ఆ లోటు మీలోంచే తీసుకుంటుంది." నేను ఫోన్ లాక్కుని కట్ చేశాను.

"ఒక్కసారి చూసొస్తానే. ఎవరో ముసలావిడ నిజంగానే తప్పిపోయిందేమో" అన్నారు ఈయన.

"మీరు అటు అడుగు వేశారంటే నా మీద ఒట్టే."

లిఖిత నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఆకలేస్తోందటగా అమ్మా, పాపం. మనమే తీసుకొచ్చాంగా. వదిలేసి వెళ్ళిపోతామా?"

వదిలేసి వచ్చేశాం. అంతే జరిగింది.

రాస్తే నిజంగానే చిన్నదిగా ఉంది. రాయి ఎవరికో దొరికింది, దాని మీద నంబరుంది, ఆటపట్టించారు. పార్కుల్లో ఆకతాయిలకి కరువా?

ఖమ్మం దాటింది. లిఖిత నా ఒళ్ళో పడుకుంది. ఒళ్ళు కాలిపోతోంది.

డిసెంబర్ 12, గురువారం

నరసింహం గారు రక్తపరీక్ష రాశారు. ప్లేట్‌లెట్లు మళ్ళీ పడిపోయాయి. ఆగస్టులో లాగానే. సాయంత్రం దాకా చూసి గుంటూరు తీసుకెళ్ళమన్నారు. మధ్యాహ్నానికే ఇంకా పడ్డాయి.

ఫోన్ మోగింది. అదే అమ్మాయి. "మేడం, ఆవిడ ఇంకా ఇక్కడే ఉన్నారండి. మీరు రారా?"

మంచం మీద నా పిల్ల పెదాలు పగిలిపోయి ఉన్నాయి. సైన్సు లేదు, ఏదీ లేదు. నాకు నా పిల్ల కావాలి. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

"అవునండి, మా మనిషే. కాస్త అన్నం పెట్టించండి. వస్తున్నాను" అన్నాను.

అత్తయ్య నా పక్కనే నిలబడి వింది. తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉంది.

"తీసుకురా. ఇంటికి మాత్రం తేకు. ఎక్కడ ఎత్తారో అక్కడే వదులు. పేరు పెట్టి పిలిచి, నీకూ మాకూ సరి, వెళ్ళిపో తల్లీ అని చెప్పు. నీళ్ళలో వేశాక వెనక్కి చూడకు. ఎవరు పిలిచినా, ఎవరి గొంతుతో పిలిచినా సరే, వెనక్కి చూడకు."

ఈయన పిల్లని గుంటూరు తీసుకెళ్తానన్నారు. నేను హైదరాబాదు రైలెక్కుతున్నాను. పిల్లని ఆ స్థితిలో వదిలేసి వెళ్తున్నాను.

డిసెంబర్ 13, శుక్రవారం. బాపట్ల స్టేషన్

తెనాలి బండి ఇంకా రాలేదు. ఏదో ఒకటి రాస్తూ ఉండాలి.

కౌంటరులో వేరే అమ్మాయి ఉంది. పెద్దావిడ ఎవరూ లేరంది. అటూ ఇటూ వెతికి, ఓ కవరులో రాయి తెచ్చిచ్చింది. నా నంబరు చెక్కు చెదరలేదు. "ఇదేనాండి? అలల కొలను ఊడుస్తుంటే దొరికిందట" అంది. కవరు అడుగున నీళ్ళు, నాలుగు అన్నం మెతుకులు.

వచ్చేటప్పుడు రైల్లో నా పక్క సీటు ఖాళీ. కూర్చోబోయినవాళ్ళు "సారీ అండి" అని లేచి వెళ్ళిపోయారు. ఇడ్లీల అతను అడక్కుండానే రెండు పొట్లాలిచ్చాడు. నేను తీసుకున్నాను. ఒకటి ఆ సీటు మీద పెట్టాను. ఆకలితో పంపడం ఎందుకు. తెనాలి వచ్చింది, దిగలేదు. ప్లాట్‌ఫాం చూస్తూ కూర్చున్నాను. బాపట్లలో దిగి సూర్యలంకకి ఆటో మాట్లాడుకున్నాను.

మోకాలి లోతు దిగాను. "దీప్తీ, నీకూ మాకూ సరి. వెళ్ళిపో తల్లీ" అన్నాను. విసిరేశాను. తిరిగి నడవడం మొదలుపెట్టాను.

"అమ్మా."

లిఖిత గొంతు. అచ్చం లిఖిత గొంతు. వెనక, నీళ్ళలోంచి.

"అమ్మా, చల్లగా ఉందమ్మా. అమ్మా, ఎక్కడికెళ్తున్నావు? నేనమ్మా, నీ లిఖితని. ఒక్కసారి చూడమ్మా."

జ్వరంలో అది నీళ్ళడిగేటప్పుడు చివర సాగదీస్తుంది, సరిగ్గా అలాగే. పమిట నోట్లో కుక్కుకుని నడిచాను. నా పిల్ల గుంటూరులో తండ్రి దగ్గర ఉంది, ఇక్కడ ఎలా ఉంటుంది? ఇది మాయ, అత్తయ్య ముందే చెప్పింది. ఇసక దాటి తారు రోడ్డు ఎక్కేదాకా పిలుస్తూనే ఉంది. చూడలేదు. ఆటో అతను "ఏంటమ్మా, ఎవరన్నా రావాలా?" అన్నాడు. ఎవరూ లేరు, పోనివ్వమన్నాను.

స్టేషన్ చేరగానే ఈయన ఫోన్. ఏడుస్తున్నారు. సంతోషంతో. "ఉన్నట్టుండి జ్వరం దిగిపోయిందే. కళ్ళు తెరిచింది. లేచి కూర్చుంది." ఎప్పుడని అడిగితే ఇందాకే అన్నారు. నేను సముద్రం దగ్గరున్నప్పుడే.

బతికించుకున్నాను. నా పిల్లని నేను బతికించుకున్నాను.

డిసెంబర్ 15, ఆదివారం

నిన్న ఇంటికి పంపేశారు. డాక్టర్లే ఆశ్చర్యపోతున్నారు. ముబీనా యాపిల్స్ తెచ్చింది, ఒక్క నిమిషం కూడా కూర్చోకుండా వెళ్ళిపోయింది. ఏం తొందరో.

జ్వరం లేదు. ఆకలి బాగా వేస్తోంది. జబ్బు నుంచి లేచిన పిల్లలకి ఆకలి ఎక్కువే. పొద్దుటి నుంచి నాలుగుసార్లు అన్నం తింది. ఎప్పుడూ వద్దనే వంకాయ కూర కూడా తింది. కాస్త వంగి నడుస్తోంది, నీరసం.

అత్తయ్య మాత్రం ఆ గదిలోకి రావడం లేదు. గుమ్మం దాకా వచ్చి, పిల్ల వైపు చూసి, వెనక్కి పోయింది. మధ్యాహ్నం రేపల్లె బండికి వెళ్ళిపోయింది. ఎందుకండీ అంటే నా తల నిమిరి ఏడ్చింది. చాదస్తం కాకపోతే, పిల్ల బాగై ఇంటికొస్తే ఏడుస్తారా ఎవరైనా?

సాయంత్రం లిఖిత తల దువ్వుతున్నాను. మొన్న నేను బీచ్‌కి వెళ్ళిన సంగతి దానికెవరూ చెప్పలేదు. ఈయన్ని అడిగాను, చెప్పలేదన్నారు. అద్దంలోంచి నన్నే చూస్తూ అంది:

"పాపం ఆ పిల్ల అంత పిలిచినా నువ్వు వెనక్కి చూడలేదు. మంచి పని చేశావు."

జడ అల్లడం ఆపలేదు నేను. మూడు పాయలు, ఒకదాని మీద ఒకటి. జుట్టు ఎంత తుడిచినా ఆరడం లేదు.

"ఆకలేస్తోంది, అన్నం పెట్టు" అంది. లేచి వడ్డించాను. పక్కన కూర్చుని తినిపించాను. నా లిఖితే. తొమ్మిది నెలలు మోశాను, నేను కన్న పిల్ల నాకు తెలియదా!